ఆయకట్టులో లేని పచ్చిక

చాలా రోజుల తరువాత వ్రాస్తున్నాను. చవితి వెళ్ళి నెల దాటినా ఆనాటి ఒక చిన్న మాట మనస్సును వదలకపోవడమే ఈ వ్రాతకు కారణం.

వినాయక చవితి ముందురోజు సాయంత్రం ఖమ్మం బజారులో పత్రి కొన్నాను. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే మాచిపత్రి ఉంది, ఉమ్మెత్త ఉంది, రేగాకు ఉంది. దూర్వాయుగ్మం ఉండవలసిన చోట మాత్రం ఏదో తుంగగడ్డి ఉంది. మరునాడు ఉదయమే వెళ్ళి అమ్మినామెనే అడిగాను, "అమ్మా, ఇది గరిక కాదు కదా" అని. ఆమె తొట్రుపడలేదు. "గరిక యాడ దొరుకుతది సారూ, బయళ్ళన్నీ ప్లాట్లయిపాయె" అన్నది. జీవితమంతా ఇతరుల వాక్యాలు దిద్ది బ్రతికినవాణ్ణి నేను. ఆ వాక్యంలో దిద్దదగినది ఏదీ కనిపించలేదు.

నేను 1983లో ద్వితీయ శ్రేణి తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరింది భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో. ఊరి పేరు చెప్పను. చెబితే ఇప్పుడక్కడున్నవారి మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది. ఆ బడికి నాలుగు గదులు, ఒక పెంకుటింటి వరండా, వాటి ముందు సుమారు మూడెకరాల బయలు ఉండేవి. గదులు కురిసేవి, బల్లలు విరిగేవి, కానీ బయలు మాత్రం వైశాఖంలో కూడా పచ్చగా ఉండేది. చవితి వచ్చిందంటే చుట్టుపక్కల నాలుగూళ్ళ పిల్లలు గరికకు మా బడికే వచ్చేవారు. నేను అమరకోశం చెప్పేటప్పుడు దూర్వకు శతపర్విక, సహస్రవీర్య, అనంత అని పర్యాయపదాలు వల్లె వేయించి, ఆపైన పిల్లలను బయటికి తీసుకుపోయి ఒక్క గరికతీగ పీకించి కణుపులు లెక్కపెట్టించేవాణ్ణి. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది గనుక అది శతపర్విక. ఎండి చచ్చిందనుకున్నది ఒక్క వానకు లేస్తుంది గనుక అనంత. కోశకారుడు చేల గట్ల మీద తిరిగినవాడే అయి ఉంటాడని నా నమ్మకం.

ఆ పచ్చదనం ఎలా నిలిచిందన్నది ఆ రోజుల్లో నేను పట్టించుకోలేదు. పచ్చగా ఉన్నదానికి కారణం ఎవరు అడుగుతారు? అర్థమైంది తరువాత.

బడికి పడమట ఊరి కుంట ఉండేది. దాని చిన్న తూము నుండి పొలాలకు పోయే బోదె మా బయలు అంచునే సాగేది. తూము తాళం నీరడి చేతిలో ఉండేది. కోస్తా మిత్రులు ఈయనను నీరుకట్టు అనో నీరటికాడు అనో అంటారు, మా వైపు నీరడి. యాసంగి వరి కోతలు కాగానే పొలాలకు నీళ్ళు అక్కరలేదు. కుంటలో అడుగున మిగిలిన నీళ్ళు పశువులకు ఉంచి, పదిహేను రోజులకొకసారి ఒక రాత్రి బోదె గండి కొట్టి మా బయలుకు ఒక తడి పెట్టేవాడు ఆయన. "రోజూ చల్లుతే ఏరు పైకొస్తది సారూ. ఎప్పుడో ఓసారి కడుపునిండ తాపితే ఏరు లోపలికి పోతది, ఇంక దూప తట్టుకుంటది" అని ఒకనాడు నాతో చెప్పాడు. ఈ మాటనే చాలా ఏళ్ళకు పచ్చిక పెంపకం మీద ఒక వ్యాసంలో చదివి నవ్వుకున్నాను.

నీరు ఆయన పని, లెక్క మా డ్రిల్లు మాస్టారి పని. ఆ మాస్టారు ఆటలు ఎంత నేర్పారో గాని, బయలును ఒక సంసారంలాగా నడిపారు. వర్షాకాలంలో మోకాలెత్తు పెరిగిన గడ్డిని వేలం వేసేవారు. కార్తీకం తరువాత గొల్లవారి మందను పదిరోజులు దింపించేవారు. గొర్రెలు గడ్డిని సమంగా కొరికేవి, ఎరువు ఉచితం. రైతులైతే మంద కట్టినందుకు గొల్లలకు ధాన్యమిస్తారు, మాస్టారు మేత ఇచ్చి సరిపెట్టేవారు. బయలు చుట్టూ ఉన్న చింతచెట్ల కాయకు ఏటా పాట పెట్టేవారు. ఈ మూడింటి డబ్బూ, పిల్లలిచ్చే ఆటల రుసుమూ ఒక నోటుపుస్తకంలో పడేవి. దానిలోంచే సంక్రాంతికి నీరడికి ఒక పంచెల చాపు, కొంత రొక్కం. ప్రభుత్వానికి ఆ బయలు ఖర్చు సున్న.

ఈ ఏర్పాటును మా మాస్టారు కనిపెట్టలేదు. ఇది మన దేశంలో చెరువులంత పాతది.

కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువుంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో త్రవ్వించి, అక్కడ ఒక సంస్కృత శాసనం వేయించాడు. చెరువుకు కావలసిన అంగాలు పన్నెండనీ, దోషాలు ఆరనీ ఆ శాసనం లెక్కపెడుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని ఖర్చు కూడా చెబుతుంది. ఆ ఆరు దోషాలు చూడండి: కట్ట ఊట కారడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేరన ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు కొంచెమై నేల విస్తారం కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. ఆరింటిలో ఒక్కటి మాత్రమే కట్టుబడి దోషం. మిగిలినవన్నీ స్థలనిర్ణయంలోనూ, నీటికీ నేలకూ కుదరని పొత్తులోనూ ఉన్నాయి. ఈ జాబితాను చెరువుల చరిత్రగానే చదువుతారు అందరూ. నాకు మాత్రం ఈమధ్య మన ఆటస్థలాల తనిఖీ పత్రంలా కనిపిస్తున్నది.

చెరువు కట్టించడం ఒకనాటి కీర్తి, నిలబెట్టడం ప్రతినాటి చాకిరీ. పూర్వులు ఈ రెండింటినీ వేరుగా చూశారు. చెరువు త్రవ్వించినవాడికో మరమ్మతు చేయించేవాడికో దశబంధ మాన్యం ఉండేది. ఆ మాన్యం మీది ఫలం అనుభవించేవాడు చెరువు బాగోగులు చూడాలి. నీరు పారించేవాడికి కళ్ళంలో ధాన్యపు వాటా ఉండేది. అంటే నీరు సరిగా పారితేనే అతని గింజ. దేవాలయాలలో అఖండదీపాల శాసనాలదీ ఇదే పద్ధతి. దాత నెయ్యి కొని ఇవ్వడు, గొర్రెలనో ఆవులనో ఇస్తాడు. వాటిని ఒక బోయడు అందుకొని, తానూ తన సంతతీ దినదినమూ ఇంత నెయ్యి పోస్తామని ఒప్పుకుంటాడు. మంద పెరుగుతుంది, దీపం వెలుగుతుంది. ద్రాక్షారామం స్తంభాల మీద ఇటువంటి ఒప్పందాలు కోకొల్లలు.

దీనిని స్వర్ణయుగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నీరడి పని మా తెలంగాణంలో తరతరాలుగా దళిత కుటుంబాల మీద మోపిన పని. వాటా ఉన్నమాట నిజమే, దాని వెనుక వెట్టి ఉన్నమాటా నిజమే. తూము విప్పిన చేతితోనే పటేలు ఇంటి పనీ చేయాలి. 1955 నాటి ఇనాముల రద్దు చట్టం రావలసిన చట్టం. అయితే రద్దయినప్పుడు మాన్యంతోపాటు దానికి కట్టివేసిన బాధ్యత కూడా జారిపోయింది, దానిని ఎత్తుకొనేవారిని ఎవరూ నియమించలేదు. క్రమంగా నీరడి నీటికి దూరమై కార్యాలయాల మధ్య కాగితాలు మోసే గ్రామసేవకుడయ్యాడు. తరువాత గ్రామ రెవెన్యూ సహాయకుడనే పేరు వచ్చింది, 2023లో ఆ వ్యవస్థ కూడా ముగిసి వారంతా ఇతర శాఖలలో కలిసిపోయారు. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం చెరువు నీటి పెత్తనాన్ని ఆయకట్టు రైతుల సంఘాలకు అప్పగించింది. మంచిదే. కానీ ఆ సంఘంలో సభ్యత్వం ఆయకట్టులో భూమి ఉన్నవారికి. ఆటల బయలుకు ఏ చెరువు కింద ఆయకట్టు ఉంది?

ఇక్కడే విషయమంతా ఉన్నదని నా అభిప్రాయం. మా జిల్లాలో పాలేరు, వైరా జలాశయాలు నిజాం కాలపు నిర్మాణాలు. నవాబు అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా ఉన్న రోజుల్లో వెలిసినవి. ఆ తరం ఇంజనీరు ప్రతి కాలువకూ ఇన్ని ఎకరాలని లెక్క రాశాడు. ఏ సర్వే నంబరుకు ఏ తూము నీళ్ళో దస్తరంలో ఉంటుంది. వరికి హక్కుంది, చెరకుకు హక్కుంది, తరువాత తరువాత త్రాగునీటికీ కర్మాగారాలకూ హక్కు వచ్చింది. పిల్లలు పరుగెత్తే పచ్చికకు మాత్రం ఏ దస్తరంలోనూ ఒక్క చుక్క రాసిలేదు. మా బడి బయలుకు వచ్చినది హక్కు కాదు, ఒక మనిషి మర్యాద. ఆ మనిషి పోతే మర్యాద పోయింది.

మర్యాద కాక, గట్టి పోషకుడే దొరికిన చోటు కూడా మా ప్రాంతంలోనే ఉంది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపించింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో నమోదయింది. బొగ్గు కంపెనీ ఎక్కడికి పోతే అక్కడికి బడి, ఆసుపత్రి, క్లబ్బుతోపాటు ఆటస్థలం కూడా వెళ్ళింది. ఇల్లెందులో జేకే మైదానం, కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం మా తరంవారికి తీర్థస్థలాలు. కార్మికుల క్రీడలకు కంపెనీలోనే ఒక సంఘం ఉంది. భూగర్భ గనిలో ఊట నీటిని రాత్రింబగళ్ళు పైకి తోడకపోతే పని సాగదు. ఇతరులు నీటికోసం బోరు వేస్తుంటే బొగ్గు ఊరికి నీళ్ళే వదిలించుకోవలసిన బరువు. ఆ నీటిని ఊళ్ళకూ చెరువులకూ ఇవ్వడం కూడా ఉంది. ఇక కొత్తగూడెం, పాల్వంచల దాహం తీర్చడానికి కిన్నెరసాని జలాశయం ఉంది. అసలది విద్యుత్కేంద్రం కోసం వచ్చింది. పోషకుడూ నీరూ ఒకే చోట ఉన్నారు గనుక ఆ మైదానాలు నిలిచాయి.

కాని పోషకుడు గని అయితే పచ్చిక ఆయువు గని ఆయువే. బొగ్గు అయిపోయిన చోట పంపు ఆగుతుంది, క్వార్టర్లు ఖాళీ అవుతాయి. చెరువుకు మాన్యం ఇచ్చిన రాజు పోయినా మాన్యం మిగిలేది. కంపెనీ ఖాతాలో ఏటేటా రాసే ఖర్చు అలాంటిది కాదు.

భద్రాచలం సంగతి వేరు. అక్కడ నీటి కొరత అంటే వినేవారు నవ్వుతారు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది, 2022 జూలైలో 71.3 అడుగులకు. మూడవ ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. పల్లపు బయలు మీద వరద నిలిచి దిగినప్పుడు వండలి జానెడు మందాన మిగిలిపోతుంది. వరికి అది వరం, ఆటల పచ్చికకు సమాధి. ఆ మట్టి ఎండి, నెర్రెలు విచ్చి, వైశాఖానికి రాయి అవుతుంది. ఒకే బయలుకు భాద్రపదంలో ఆరవ దోషం, వైశాఖంలో అయిదవ దోషం. ఇక మూడవది, రెండు రాజ్యాల పొలిమేర. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, ఆపైన ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం కారణంగా చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళి, పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఎటపాక దాటితే వేరే రాష్ట్రం. ఊరు పెరగడానికి జాగా లేనప్పుడు మొదట కళ్ళు పడేది ఖాళీగా కనిపించే బయలు మీదనే. శాసనకారుడికి ఇదంతా ఎలా తెలుసునో!

కొంచెం లెక్క చూద్దాం. లెక్కల పంతుళ్ళు క్షమించాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. పూర్తి కొలత ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెడదామనుకుంటే 35,700 లీటర్లు. మిషన్ భగీరథలో పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లని ప్రమాణం. అంటే ఒక్క మైదానం 357 మంది త్రాగి, వండుకొని, స్నానం చేసే నీళ్ళు త్రాగుతుంది. బిందెల వరుస ముందు నిలబడి ఈ లెక్క చెప్పి పచ్చికకు నీళ్ళడిగే ధైర్యం ఎవరికుంటుంది? నాకు లేదు.

ఆ ధైర్యం పెద్ద పెద్ద క్రికెట్టు సంఘాలకే లేకపోయింది. 2016 ఏప్రిల్ 12న లాతూరు దాహానికి 5 లక్షల లీటర్లతో మొదటి నీళ్ళ రైలు చేరింది. మరునాడే బొంబాయి హైకోర్టు ఆ నెల 30 తరువాత జరగవలసిన ఐపీఎల్ పోటీలను మహారాష్ట్ర దాటించమని ఆదేశించింది. వాటిలో కొన్ని మన విశాఖపట్నానికే వచ్చాయి. తీర్పు మంచిదా చెడ్డదా అని అప్పుడు వాదోపవాదాలు సాగాయి. నాకు తోచినది ఇంతే: పచ్చికకు తనదైన నీరు లేనప్పుడు అది ఎప్పుడూ ఇతరుల బిందెలోంచే త్రాగుతుంది. అలా త్రాగినంతకాలం మొదటి కరువుకే దోషిగా నిలబడుతుంది. శుద్ధి చేసిన వాడుకనీరు, ఎవరి బిందెలోకీ పోని నీరు, దాని వంతు కావాలి. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం 2024 కరువులో ఆ దారినే గట్టెక్కింది.

రెండవ సంగతి గడ్డి జాతి. ఆస్ట్రేలియాలో 1997 మొదలు 2009 దాకా మహాక్షామం సాగింది. 2007లో విక్టోరియా రాష్ట్రంలో నేల రాయిలా గట్టిపడి కొన్ని స్థానిక ఫుట్‌బాల్ పోటీలు ఆలస్యంగా మొదలయ్యాయి. అప్పుడు అక్కడి పురపాలికలు చలిదేశపు గడ్డి తీసివేసి ఎండను ఓర్చే గడ్డి వేయసాగాయి. వాటిలో ముఖ్యమైన దానిని అక్కడ కౌచ్ అంటారు, అమెరికాలో బెర్ముడా అంటారు. మిత్రులారా, అది మన గరికే! జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధనాకేంద్రంలో ఈ గరికను ఒక ఆఫ్రికా చుట్టంతో సంకరం చేసి 1960లో టిఫ్‌వే అనే రకం విడుదల చేశారు. ప్రపంచంలోని ఉష్ణదేశాల మైదానాలలో చాలావరకు దాని పరుపే. మనం చవితికి రెండు పోచలు దొరకక తుంగ పెట్టి పూజ చేసుకుంటున్నాము. ఎండకు గోధుమరంగు తిరిగి నిద్రపోయి, వానకు లేచే గడ్డి అది. వేసవి పొడుగునా పచ్చగా కనిపించాలనే పట్టు వదిలితే నేను పైన చెప్పిన 35,700 లీటర్ల లెక్క చాలా తగ్గుతుంది. మా నీరడి పదిహేను రోజులకొక తడితో నెట్టుకొచ్చింది అందువల్లనే.

మూడవది డబ్బు. ఇంగ్లండులో 1925లో ఆటస్థలాల సంరక్షణకు ఒక జాతీయ సంఘం ఏర్పడింది. అయిదవ జార్జి 1936లో మరణించినప్పుడు స్మారకంగా విగ్రహాలకు బదులు ఆటస్థలాలు ఏర్పరచాలనుకున్నారు. అలా 471 బయళ్ళు ఆ రాజు పేరు మీద వెలిశాయి. ద్వారం దగ్గర రాజచిహ్నాల ఫలకాలు పెట్టారు, నిజమే. కానీ ఫలకానికి ముందు ఆ నేలను ఆటకు తప్ప మరొకదానికి వాడరాదని ధర్మకర్తృత్వ పత్రం రాశారు. మన వద్ద 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది, త్రాగునీరూ ఉండాలన్నది. ఆ రెండింటి నడుమ ఆటస్థలానికి నీరు అనే మాట పడలేదు. 2022 జూన్ 2న తెలంగాణ క్రీడాప్రాంగణాలని ఊరూరా మొదలుపెట్టారు. బోర్డు, వాలీబాల్ స్తంభాలు, పొడవుదూకుడు గుంట, వ్యాయామపు కడ్డీలు. ఆలోచన గొప్పది, సందేహం లేదు. మా దగ్గరి రెండు మూడు ఊళ్ళలో వెళ్ళి చూస్తే బోర్డు నిలబడి ఉంది, చుట్టూ సర్కారు తుమ్మ కూడా నిలబడి ఉంది. ఉపాధిహామీ కూలితో నేల చదునైంది. మరునాటి నుండి ఆ నేల ఎవరిది?

పట్టణాల్లోనూ ఇంతే. స్టేడియం చుట్టూ దుకాణాలు కట్టి అద్దెతో పచ్చికను పోషిస్తామంటారు. హైదరాబాదు ఫతేమైదానం చుట్టూ ఉన్న దుకాణాల వరుస మీరంతా చూసినదే. పద్ధతి చెడ్డది కాదు, మా మాస్టారి చింతపండు వేలం వంటిదే. అయితే ఆ చింతపండు డబ్బు తిరిగి బయలుకే చేరేది. దుకాణం అద్దె ఏ ఖాతాలో పడి ఏ దారిన పోతుందో అద్దె కట్టేవాడికి తెలియదు, గడ్డి కోసేవాడికి అసలే తెలియదు. 2024 ఏప్రిల్‌లో ఉప్పల్ స్టేడియానికి కోటిన్నరకు పైగా బకాయి ఉందని ఐపీఎల్ పోటీ ముందురోజున కరెంటు తీసివేశారు. అంత ఆదాయం వచ్చే చోటే అలా ఉంటే, పల్లె బడి మోటారు బిల్లు ఎవరు కడతారు?

ఇక మా బయలు ఏమైందో చెప్పాలి కదా.

నేను 1994లో బదిలీ అయి వచ్చేశాను. డ్రిల్లు మాస్టారు అంతకు ముందే విరమించారు. ఆ నోటుపుస్తకం ఎవరికి అప్పగించారో తెలియదు. కొన్నేళ్ళకు ఒక నిధి కింద ప్రహరీగోడ మంజూరైంది. గోడ కట్టినవారు బోదెకు తూము పెట్టడం మరిచారు. చింతచెట్లు గోడకు అడ్డమని కొట్టివేశారు. గోడ వచ్చాక మంద లోపలికి రాలేదు. తరువాత మరొక నిధితో బోరు వేశారు, మూడు వేసవులు నీళ్ళిచ్చింది. ఆ తరువాత ఒక వైపు మెట్ల గ్యాలరీ కట్టారు. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి పనీ అభివృద్ధే. ఎవరి మీదా తప్పు పెట్టలేము. గత మాఘమాసంలో పూర్వవిద్యార్థులు పిలిస్తే వెళ్ళాను. గ్యాలరీ మెట్ల మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎదురుగా మూడెకరాల ఎర్రమట్టి. గాలి వీచినప్పుడల్లా వేదిక మీద అందరమూ కళ్ళు మూసుకున్నాము.

వారు బడికి ఏదైనా చేయాలని చందాలు పోగు చేశారు. ఎనిమిది లక్షలు జమయ్యాయి. ముఖద్వారం కట్టాలని తీర్మానం, పైన సరస్వతీ విగ్రహం, దాతల పేర్లతో నల్లరాతి పలక. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను అఖండదీపం సంగతి చెప్పాను. ఆ ఎనిమిది లక్షలు బ్యాంకులో కదపకుండా ఉంచితే ఏటా సుమారు యాభైవేల వడ్డీ వస్తుంది. నెలకు నాలుగువేలు. ఆ ఊళ్ళోనే ఉన్న నీరడి మనుమడు, ఉపాధికి ఆటో తోలుకుంటున్నవాడు, ఉదయం రెండు గంటలు బయలు చూడడానికి ఒప్పుకుంటాడు. అతణ్ణి ముందే అడిగి వచ్చాను. తాత చేసిన పని జీతం లేకుండా అయితే చేయనన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. గోడకు ఒక చోట కన్నం పెట్టి బోదె కలపాలి. పక్కనే ఉన్న వసతిగృహంలో నూటయాభైమంది పిల్లలు స్నానం చేస్తారు, తలకు ముప్పై లీటర్లనుకున్నా రోజుకు 4,500 లీటర్ల నీళ్ళు రోడ్డు పక్క గుంటలోకి పోతున్నాయి. గుంట అడుగున ఇసుక, కంకర పోసి వడకట్టి ఆ నీళ్ళు ఇటు మళ్ళిస్తే గరికకు అవి చాలు. మొత్తం మైదానం కాకపోయినా సగమైనా లేస్తుంది. ఇంకొక పని: కుంట కింది రైతు సంఘంచేత, యాసంగి తరువాత మిగులు నీళ్ళలో నెలకు రెండు తడులు బడి బయలుకని ఒక తీర్మానం రాయించాలి. బడి బయలు ఆయకట్టులో లేదు సరే, ఒక కాగితంలోనైనా ఉండాలి.

చప్పట్లు కొట్టారు. తరువాత ఒకాయన, నాకు ఛందస్సులో ఎప్పుడూ సున్నా తెచ్చుకున్న శిష్యుడే, ఇప్పుడు పెద్ద గుత్తేదారు, నా చేయి పట్టుకొని, "మాస్టారూ, మీరు చెప్పింది బాగానే ఉంది. కాని గడ్డి మీద పేరెక్కడ చెక్కుతాము?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. దాతలలో దుబాయిలో ఉన్నవారున్నారు, అమెరికాలో ఉన్నవారున్నారు. వచ్చినప్పుడు చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాడు. ద్రాక్షారామంలో దీపానికి మంద ఇచ్చినవాడి పేరు తొమ్మిది వందల ఏళ్ళుగా రాతి మీద ఉంది నాయనా, దీపానికి కూడా రాయి ఉంటుంది అన్నాను. ఆలోచిస్తామన్నాడు.

సంక్రాంతికి మళ్ళీ సమావేశం. ముఖద్వారం నమూనా చిత్రం ఇప్పటికే నా ఫోనుకు వచ్చింది, సరస్వతి చేతిలో వీణ ఎడమవైపుకు మళ్ళింది, చూసుకోండని జవాబు పెట్టాను. చవితి తరువాత ఒకసారి బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి వచ్చాను. వసతిగృహం వైపు గోడ మొదట్లో ఎక్కడో పగులు ఉన్నట్టుంది, స్నానాల నీళ్ళు సన్నగా ఊరి లోపలికి దిగుతున్నాయి. అక్కడ రెండు బారల మేర గరిక ఉంది. కణుపులు లెక్కపెట్టాను. ఒక గుప్పెడు తెచ్చి మా పెరట్లో కుండీలో వేశాను, బ్రతికింది.